రెండు గ్రాముల లోపు మనుషులు

రెండు గ్రాములకి తక్కువ తూగే బంగారు వస్తువుకి హాల్‌మార్క్ అక్కర్లేదు. 2021 జూన్ 16న 256 జిల్లాలతో మొదలుపెట్టి హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేశారు. బీఐఎస్ గుర్తు, పక్కన స్వచ్ఛత అంకె, ఆ పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య, హెచ్‌యూఐడీ. తరాలుగా మోసపోయినవాళ్ళకి అది ఊరటే, కాదనను. కానీ ఆ నిబంధనలోనే రెండు గ్రాముల సందు ఒకటి వదిలారు. పల్నాటి ఆడవాళ్ళ ముక్కుపుడక తీసి తక్కెట్లో వేసి చూడండి. చంటిపిల్ల చెవిపోగు వెయ్యండి. చాలావాటికి ముల్లు రెండు దాకా పోదు. ఒంటికి బెజ్జం పెట్టి, కండలోంచి దూర్చి, స్నానానికీ నిద్రకీ తియ్యకుండా ఏళ్ళకేళ్ళు మోసే వస్తువు సర్కారు లెక్కలో చిల్లర. రవిక మీద వేలాడే హారానికి మాత్రం ముద్ర కావాలి.

ముద్ర ఉన్నదానికైనా ఒరిగిందేమిటి? 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 బంగారం. మిగిలిన 84 పాళ్ళు ఏమిటో ఆ ముద్ర చెప్పదు. మామూలుగా రాగీ వెండీ కలుపుతారు కాబట్టి 22 క్యారట్లతో పెద్ద బాధ లేదు. 18 క్యారట్లకి వచ్చేసరికి ఆ మిగతా 250 పాళ్ళు అవుతుంది. తెల్ల బంగారమైతే ఆ తెలుపు కోసం నికెల్ కలిపే పద్ధతి లోకమంతా ఉంది. 2025 జులైలో 9 క్యారట్లని కూడా హాల్‌మార్క్ జాబితాలోకి తెచ్చారు. అందులో బంగారం 375 పాళ్ళు, మిగతా 625. అదే ఏడాది పది గ్రాముల మేలిమి లక్ష రూపాయలు దాటింది. ధర ఎక్కిన కొద్దీ మన ఒంటి మీద బంగారం పలచబడుతుంది, ‘మిగతా’ చిక్కబడుతుంది. ఆ మిగతా ఏమిటని అడిగే గొంతు మాత్రం ఎక్కడా లేదు. హాల్‌మార్క్ మన డబ్బుకి కాపలా. మన తోలుకి కాపలా ఎవరు?

సవర బంగారం కొనలేనివాళ్ళ సంగతికి వద్దాం. అసలు గొడవ అక్కడుంది.

నరసరావుపేటలో గానీ మాచర్లలో గానీ ఏ ఫ్యాన్సీ షాపులోకైనా వెళ్ళండి. గోడ నిండా అట్టలకి గుచ్చిన కమ్మలు, బుట్టలు, నల్లపూసలు, వడ్డాణాలు. కవరింగ్ అంటారు, గిల్టు అంటారు, రోల్డ్ గోల్డ్ అంటారు, ఇప్పుడైతే అంతా వన్ గ్రామ్ గోల్డే. అందులో గ్రాము బంగారం ఉంటుందని అమ్మేవాడూ అనడు, కొనేవాళ్ళూ నమ్మరు. కింద రాగో ఇత్తడో ఉంటుంది. రాగి మీద నేరుగా బంగారు పూత పూస్తే కొన్నాళ్ళకి రాగి పైకి పాకి నగ నల్లబడుతుంది. అందుకని మధ్యలో ఒక పొర నికెల్ వేస్తారు. నికెల్ చవక, గట్టిది, మెరుపుది. దాని మీద బంగారం నీడలాగా ఒక పలచటి పూత. ఆ పూత మెడ రాపిడికీ చెమటకీ ఎన్నాళ్ళు నిలుస్తుంది? అది పోయిన రోజు నుంచి మీ చర్మానికి ఆనేది నికెలే.

చెమట అనే మాట పల్నాట్లో తేలిగ్గా తీసుకునేది కాదు. రాష్ట్రంలో ఎండ లెక్కలు చదివేటప్పుడు ముందు వినపడే పేర్లలో రెంటచింతల ఒకటి. ఆ ఎండల్లోనే మన వైశాఖ ముహూర్తాలు. పట్టుచీర, మెడకి నాలుగు వరసలు, నడుముకి వడ్డాణం, జనరేటర్ పొగ, షామియానా ఉక్క. చెమటలోని ఉప్పు నికెల్‌ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కరిగిన నికెల్ చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్లని అంటుకుంటుంది. ఒంటి రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఒకసారి గుర్తు పెట్టుకుందంటే ఇక చచ్చేదాకా మర్చిపోదు. పదిహేనో ఏట చెవి దగ్గర మొదలైన దురద యాభయ్యో ఏట గడియారం పట్టీ కింద పలకరిస్తుంది.

పైగా ఈ దద్దురు వెంటనే రాదు. ఆదివారం పెళ్ళిలో వేసుకుంటే సోమవారమో మంగళవారమో మెడ ఎర్రబడి, నీటి పొక్కులు లేచి, రసి కారుతుంది. అప్పటికి గిల్టు నగ పెట్టెలోకి పోయి ఉంటుంది. కనుక నేరం వేరేవాళ్ళ మీద పడుతుంది. మన ఇళ్ళలో దురద అనగానే మొదటి శిక్ష వంకాయకి, రెండోది గోంగూరకి. ఎండుచేప మానెయ్యమంటారు. వేడి చేసిందంటారు. దిష్టి తగిలిందంటారు. మిరప కోతకి పోయే మనిషైతే, మిరప ఘాటులే అని తేల్చేస్తారు, చేలో నీళ్ళతో కడుక్కుని మళ్ళీ వంగుతుంది. ఇన్ని విచారణలూ అయ్యాక ఊరంతా కలిసి ఒక తీర్పు చెబుతుంది: ‘దాని ఒంటికి పడదు.’

నా కోపమంతా ఈ తీర్పు మీదే. సరుకులో దోషం పెట్టుకుని తప్పు దాని ఒంటిదంటారా? కల్తీ నూనె తిని వాంతి చేసుకున్నవాణ్ణి నీ కడుపు మంచిది కాదని ఎవరైనా అంటారా? నూనె అమ్మినవాణ్ణి పట్టుకుంటారు. గిల్టు కమ్మ దగ్గర మాత్రం కమ్మ నిర్దోషి, చెవి ముద్దాయి. లోకం మొత్తం మీద నికెల్ పడనివాళ్ళలో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళు కొన్ని రెట్లు ఎక్కువ. ఆడ ఒళ్ళు సుకుమారం కాబట్టి కాదు. చెవులూ ముక్కూ కుట్టేది ఆడపిల్లకి కాబట్టి. పచ్చి పుండులోకి నికెల్ పుల్ల దూర్చడం కన్నా ఈ లోహాన్ని ఒంటికి శత్రువుగా పరిచయం చేసే దగ్గర దారి ఇంకోటి లేదు.

ఈ విషయంలో మన పాతవాళ్ళే నయం. కంసాలి ఇంటికొచ్చి మేలిమికి దగ్గరగా ఉండే సన్నటి బంగారు తీగతో కుట్టేవాడు. తీగకి తాహతు లేని ఇంట్లో వేపపుల్ల. కమ్మలు పెట్టుకోని రోజుల్లో బెజ్జం పూడకుండా చీపురుపుల్ల. చూసేవాళ్ళకి అది పేదరికం. చర్మవైద్యుడికి అది తెలివి. ఇప్పుడు పాప మొదటి పుట్టినరోజుకే ఫ్యాన్సీ షాపులో తుపాకీ పెట్టి టప్పున కొట్టిస్తున్నారు. ఆ తుపాకీలోంచి దిగే పోగు ఏ లోహమో అడిగిన తండ్రిని నేనింతవరకూ చూడలేదు. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోవడంలో ఉంటాడు.

మందు సంగతి ఇంకా ఘోరం. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒక సూది, సిట్రజిన్ మాత్ర. ఇది చీమ కుట్టినప్పుడు వచ్చే దద్దురు లాంటిది కాదు, దీని దారి వేరు. ఆ మాత్రకి నిద్రొస్తుంది గానీ దద్దురు పోదు. తర్వాత మందుల షాపులో స్టెరాయిడ్ ట్యూబు. రెండు రోజుల్లో మాయ చేసినట్టు తగ్గుతుంది, మళ్ళీ అదే నగ మెడలో పడుతుంది, మళ్ళీ ట్యూబు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, నరాలు బయటికి కనపడి, తెల్లమచ్చలు తేలతాయి. 2018లో కేంద్రం ఇలాంటి పూత మందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. మన సందుల్లో ఆ షెడ్యూలు ఎవరు చదివారు?

నిజానికి నిర్ధారణ చాలా తేలిక. ప్యాచ్ టెస్టు అంటారు. పెట్రోలియం జెల్లీలో నూటికి అయిదు పాళ్ళు నికెల్ సల్ఫేట్ కలిపి వీపు మీద పట్టీ వేస్తారు. 48 గంటలకి తీసి చూస్తారు, నాలుగో రోజుకి మళ్ళీ చూస్తారు. అన్నాళ్ళూ వీపు తడవకూడదు. మే నెలలో గురజాలలో అదొక తపస్సే అనుకోండి, చలికాలంలో చేయించుకోవచ్చు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయ్యాం, నరసరావుపేటలో కలెక్టరేటు వచ్చింది, బోర్డులన్నీ మారాయి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికో రోజు ఈ పట్టీ వేసే ఏర్పాటు చెయ్యడానికి ఎన్ని కోట్లు కావాలి?

బంగారమే వేసుకుంటాం, మాకేం భయం అనుకునే ఇళ్ళకి ఒక మాట. మెడలో గొలుసు 22 క్యారట్లదే, హాల్‌మార్క్ ఉంది, అయినా ఎదురురొమ్ము మీద రూపాయి బిళ్ళంత మేర నల్లగా మందంగా గీరుకుపోయిన మచ్చ. గొలుసు ఎత్తి చూడండి. పుస్తెల పక్కన పిన్నీసుల గుత్తి. కొంగుకోటి, అవసరానికోటి, పక్కింటావిడకి ఇవ్వడానికోటి. ఇనుప తీగ మీద నికెల్ పూత. రాత్రీ పగలూ చెమటలో నానుతుంది. మంగళసూత్రానికి కాపలా కాస్తున్నట్టు వేలాడే ఆ పిన్నీసే చాలామంది పాలిట దొంగ. రవిక హుక్కులు, కమ్మల వెనక బిగించే సీల, వీటిదీ అదే కథ. కమ్మ బంగారం, సీల ఇనుము. బాధ మాత్రం బంగారం ఖాతాలో.

తీసెయ్యొచ్చు కదా అంటారు బయటివాళ్ళు. తీసి చూపించమనండి. మెడ పచ్చి పుండై ఉన్నా ‘ఏందమ్మాయ్, మెడ అట్టా బోసిగా ఉంచావ్?’ అని అడగని వీధి పల్నాట్లో ఉందా? పెళ్ళైన ఆడది మెడలోంచి గొలుసు తీస్తే మొగుడి ఆయుష్షు లెక్క మొదలవుతుంది. డాక్టరు రెండు వారాలు ఏమీ వేసుకోవద్దంటాడు, అత్తగారు రెండు గంటలు కూడా ఒప్పుకోదు. అసలు సంప్రదాయం మాట్లాడేవాళ్ళని నేను అడుగుతున్నాను: పెళ్ళిపీటల మీద కట్టింది ఏమిటి? పసుపు రాసిన నూలుతాడు, దానికి రెండు పుస్తెలు. నూలు ఎవరి మెడనీ కాల్చదు. ఆ తాడుని గొలుసు చేసింది శాస్త్రం కాదు, పక్కింటివాళ్ళ చూపు. బంగారు గొలుసు కొనలేక గిల్టు గొలుసు వేయించింది కూడా ఆ చూపే. మెడ మండుతున్న కోడలికి పసుపుతాడు చాలని చెప్పగలిగే అత్తయ్యలు ఈ జిల్లాలో వందమంది లేస్తే సగం పుండ్లు మానుతాయి. మా ఇంట్లో పెద్దావిడ ఆ మాట అనగలిగింది, అందుకే నా మెడ ఈ వయసులో మెడలాగా ఉంది.

బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు తండాల్లో పెద్దవయసు లంబాడీ ఆడవాళ్ళని చూడండి. జుట్టు పక్కన వేలాడే బరువులు, కాళ్ళకి కడియాలు, రవికకి కుట్టిన నాణేలు. ఒకప్పుడు వెండి. వెండి కొనే శక్తి పోయాక తెల్లలోహాలు, జర్మన్ సిల్వర్. జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క ఉండదు. రాగి, నికెల్, జింకు. ఆ తెలుపంతా నికెల్ పుణ్యమే. 1950 నాటి రూపాయి బిళ్ళ నికెల్, ఆ తర్వాత చాలాకాలం నడిచిన రూపాయి రాగీ నికెల్ కలిపింది. ఇప్పుడు పట్టణాల్లో అమ్మాయిలు ఈ జర్మన్ సిల్వర్‌నే ఫ్యాషనని వేసుకుని మురుస్తున్నారు, పేరంటాల్లో కుంకుమభరిణెలుగా పంచుతున్నారు. భరిణె గూట్లో ఉంటుంది, ఫరవాలేదు. మెడలో వేసుకున్నదాని మాటేమిటి?

ఇదంతా ఆడవాళ్ళ గొడవ అని పేపరు మడిచే మగవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. జీన్స్ ప్యాంటు గుండీ వెనక, బొడ్డు కింద గోకుతున్నారే, అదేమిటి? బెల్టు బకిల్ కిందిది? ఇక పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల. మన సున్నపురాయి, మన సిమెంటు. తాపీమేస్త్రీల చేతులు ఎప్పుడైనా పట్టి చూశారా? పగిలి, గట్టిపడి, గీరి గీరి రక్తం వచ్చిన చేతులు. కొంత సిమెంటు క్షారం పని. కొంత సిమెంటులో ఉండే క్రోమియం పని. ఆరు చార్జీల క్రోమియం నీళ్ళలో కరిగి చర్మంలోకి దిగుతుంది, నికెల్ లాగానే పగబడుతుంది. డెన్మార్క్ 1983లోనే సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపించి ఈ క్రోమియానికి కోరలు పీకింది. 2005 నుంచి యూరోపియన్ యూనియన్ పది లక్షల పాళ్ళలో రెండు పాళ్ళు దాటకూడదంది. రాయి మనది, కార్ఖానా మనది, చేతులు మనవి.

నికెల్ విషయంలోనూ ముందు కదిలింది ఆ చిన్న డెన్మార్కే. ఈ దద్దురు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1889లోనే బెర్లిన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ బ్లాష్కో లోహపు పూత పనివాళ్ళ చేతుల మీది ఎగ్జిమా గురించి రాశాడు. నూరేళ్ళు అందరూ చూస్తూ ఊరుకున్నారు. 1990లో డెన్మార్క్ చట్టం తెచ్చింది. 1994లో యూరోపియన్ యూనియన్ అందుకుంది, 2001 నాటికి పూర్తిగా అమల్లో పెట్టింది. చర్మానికి అదేపనిగా ఆనే వస్తువు నుంచి వారంలో చదరపు సెంటీమీటరుకి అర మైక్రోగ్రాముకి మించి నికెల్ ఊడకూడదు. కుట్టిన చెవిలో, ముక్కులో దూర్చేదానికి ఇంకా కఠినం, 0.2 మైక్రోగ్రాములే. అక్కడ కండలోకి దిగే వస్తువుకి గట్టి నిబంధన, ఇక్కడ కండలోకి దిగే వస్తువుకి మినహాయింపు. హాల్‌మార్క్ స్వచ్ఛత కోసం, నికెల్ చట్టం ఆరోగ్యం కోసం, రెండూ ఒకటి కావని నాకు తెలుసు. మనకి రెండోది లేనే లేదు, అదే నా ఫిర్యాదు. డెన్మార్క్‌లో చట్టం వచ్చాక చెవులు కుట్టించుకున్న అమ్మాయిల్లో ఈ జబ్బు తగ్గిందని అక్కడి వైద్యులే లెక్క తేల్చారు. వాళ్ళ ఒళ్ళు మారలేదు. కమ్మలు మారాయి.

ఇంకో సంగతి వింటే కడుపు మండుతుంది. మన దేశం నుంచి యూరప్‌కి ఎగుమతయ్యే గిల్టు సరుకు ఆ పరీక్ష గట్టెక్కాల్సిందే. అంటే నికెల్ లేకుండా పూత పూయడం మనవాళ్ళకి చేతనవును. పారిస్ అమ్మాయి చెవికి చేసిపెట్టేది, పాలువాయి అమ్మాయి చెవికి ఎందుకు చెయ్యరు? అడిగేవాళ్ళు లేక. బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టించాడని కారంపూడి ఉత్సవాల్లో ఏటా చెప్పుకుని పొంగిపోతాం. నగ దగ్గరికొచ్చేసరికి మనకి రెండు చాపలు.

చిలకలపూడి గుర్తుకొచ్చి కొందరు నా మీదికి రావచ్చు. బందరు పక్కన ఆ గిల్టు పని మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి, చట్టాలు తెస్తే వాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా అని. కాదు. ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది. రాగి మీద బంగారు రేకు అతికించి సాగదీసే పాత రోల్డ్ గోల్డ్ విద్య ఇప్పటి తళుకు పూతల కన్నా ఎన్నో రెట్లు గట్టిది. నికెల్ బదులు రాగీ తగరం కలిపిన తెల్ల కంచు పొర వెయ్యొచ్చు, పల్లాడియం వెయ్యొచ్చు, ఖర్చు కొంత పెరుగుతుంది. పైగా పూత తొట్లలో చేతులు ముంచేది ఆ కార్మికులే, బ్లాష్కో చూసిన చేతులు వాళ్ళవే. చట్టం వాళ్ళకీ మేలే. యూరప్ చట్టం నికెల్ ఉండకూడదని అనలేదు, ఊడకూడదంది. మంచి స్టెయిన్‌లెస్ స్టీలులోనూ నికెల్ ఉంటుంది, అది పట్టుకుని ఉంటుంది, వదలదు. కాబట్టి ఇది వృత్తి మీద యుద్ధం కాదు, నాసి సరుకు మీద.

‘ఇష్టమైతే కొనుక్కో, లేకపోతే మానుకో, ఎవరు బలవంతం చేశారు’ అనే వాదన కూడా వింటుంటాను. ఇష్టం అనే మాట వాడాలంటే ముందు తెలియాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, స్వచ్ఛత, ప్రమాణం తెలుసుకోవడం మన హక్కని రాసింది. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద పిండెంతో పంచదారెంతో ఉంటుంది. అయిదు వందల వడ్డాణం అట్ట మీద ‘నాణ్యమైనది’ అని ఉంటుంది. అందులో ఏ లోహముందో తెలియనప్పుడు నా ఇష్టానికి అర్థమేమిటి?

పరీక్ష ఖరీదనే సాకు కూడా చెల్లదు. డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే రసాయనం ఉంది. ఏ డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులోనైనా సీసా దొరుకుతుంది, నికెల్‌ని అంచనా కట్టే ప్రయోగానికి బీఎస్సీ పిల్లలు వాడేదే. దూది పుల్ల మీద ఒక చుక్క అది, ఒక చుక్క అమోనియా. నగ మీద అర నిమిషం రుద్దండి. దూది గులాబీ రంగుకి తిరిగితే నికెల్ ఊడుతున్నట్టు. చదువురాని అవ్వ కూడా ఫలితం చదవగలిగిన పరీక్ష ఇది.

అందుకే నరసరావుపేట కాలేజీల కెమిస్ట్రీ మాస్టార్లకి నా విన్నపం. వచ్చే శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల సందడి పక్కన గిల్టు కొట్లు వరసగా వెలుస్తాయి. మీ పిల్లల చేత అక్కడ ఒక బల్ల వేయించండి. రెండు సీసాలు, ఒక దూది కట్ట. కొన్న నగ కొన్నట్టు తెచ్చి ఉచితంగా రుద్దించుకోమని మైకులో చెప్పించండి. చంటిపిల్లల పోగులు, పుస్తెల పక్కన పిన్నీసులు, కమ్మల సీలలు అన్నీ రుద్దండి. కొట్లవాళ్ళు గొడవకొస్తారు, రానివ్వండి, వాళ్ళ సరుకూ వాళ్ళ ముందే రుద్దండి. గులాబీ రంగు తేలిన దూదిపుల్లలన్నీ పారెయ్యకుండా ఒక సంచిలో పోసి, కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకునే చోట బల్ల మీద గుమ్మరించి, రసీదు అడగండి.